జెరూషా వంతు

తలగుడ్డ ముడి వేసుకున్నాక ఆర్నెటా పెగ్రామ్ అనే మనిషి ఆ పొలంలో ఉండదు. ఫీబీ ఉంటుంది. ఫీబీ థాక్స్‌టన్ దొరగారి వంటపాకలో బానిస. బయట ఏ సంవత్సరమైనా, కంచె లోపల ఎప్పుడూ 1771. రాజుగారు ఇంగ్లండులో క్షేమం. పొగాకు ధర పడిపోయిందని దొరగారికి కోపం. చివరి సందర్శకుడు గేటు దాటేదాకా ఇదే లోకం. ఫోను మోగకూడదు, ముక్కు మీద కళ్ళజోడు ఉండకూడదు, నోటి వెంట 'ఓకే' రాకూడదు.

జేమ్స్ నదికి దక్షిణాన, పాడుపడి ఉన్న ఆ పొలాన్ని ఒక ట్రస్టు వాళ్ళు కొని, అప్పటి విత్తనాలు, అప్పటి పనిముట్లు, అప్పటి బట్టలతో మళ్ళీ నడపడం మొదలుపెట్టినప్పుడు, బానిసల వేషం కట్టడానికి మనుషులు కావాలని నల్లవాళ్ళ చర్చికి కబురు వచ్చింది. ఎవరూ కదల్లేదు. ఆర్నెటా ఒక్కతే చెయ్యెత్తింది. ఆ ఆదివారం మెట్ల మీదే ఆడవాళ్ళు చుట్టుముట్టారు.

"మనవాళ్ళు ఆ పొలం నుంచి ఎప్పుడు బయటపడదామా అని ఏడ్చి చచ్చారు. నువ్వేమో సొంత కారేసుకుని, మధ్యాహ్నానికి శాండ్‌విచ్ కట్టుకుని మరీ పోతానంటావు. మతి ఉండే మాట్లాడుతున్నావా సిస్టర్ పెగ్రామ్?"

"వాళ్ళకి సాయంత్రం ఇంటికొచ్చే వీల్లేదమ్మా. నాకుంది. అందుకే పోతున్నా" అంది ఆర్నెటా.

ఆమె జీవితమంతా ఆ జిల్లా బడిలో వంట చేసింది. ఆమె చేతి మెత్తటి రొట్టెలు తినకుండా పెద్దయినవాళ్ళు ఆ చుట్టుపక్కల తక్కువ. ఉద్యోగం అయిపోయింది, ఆ వెనకే భర్త వెండెల్ పోయాడు. ఒక్కరికి వండటం ఆమెకు చేతకాలేదు. ఎంత తగ్గించినా గిన్నెడు మిగిలేది. ఆ మిగిలినది చూస్తూ కూర్చోలేకే వెళ్ళిందని ఆమె అనుకునేది. కానీ అసలు కారణం అది కాదు. ఆమె తండ్రి తరఫు మనుషులు ఆ మట్టిలో పనిచేసినవాళ్ళే.

అలా వెళ్ళిన ఆమె మరి కొన్నేళ్ళకు లెమ్‌ని కూడా లాక్కొచ్చింది. లెమ్యుయెల్ క్లేబోర్న్ ఆమెకన్నా బాగా చిన్నవాడు. తండ్రి లేని పిల్లాడిగా ఆర్నెటా వాళ్ళ వసారాలోనే పెరిగాడు. ఆమె తండ్రి, చర్చి పెద్ద డీకన్ ఆస్బరీ, సాయంకాలాలు వేరుశనగ కాయలు ఒలుస్తూ పాత పాటలు ఎత్తుకుంటుంటే, లెమ్ పక్కనే కూర్చుని కాయలు సగం నోట్లో, సగం గంపలో వేసుకుంటూ నేర్చుకునేవాడు. "వీడి గొంతు చూడవే, ఇనుప తలుపు తీసినట్టుంది. దేవుడికి పైదాకా వినపడుద్ది" అనేవాడు డీకన్. ఆయన పోయాక చర్చిలో పాట ఎత్తడం లెమ్ వంతు అయింది. పోస్టాఫీసులో పని మానుకున్నాక, పొలంలో అతను పొగాకు పనివాడు ప్రైమస్ వేషం కట్టాడు. వెడల్పాటి గడ్డి టోపీ, మోకాళ్ళ దాకా లాగూ, పెద్ద నవ్వు. వచ్చినవాళ్ళంతా అతని చుట్టూనే మూగేవారు.

వేషంలో ఉన్నప్పుడు నిజం మాట ఏదైనా చెప్పుకోవాలంటే ఇద్దరికీ ఒక పద్ధతి ఉండేది. పెట్టింది ఆర్నెటానే. లెమ్ టోపీ తీసి మాట్లాడితే అది లెమ్ మాట. టోపీ నెత్తిన ఉంటే అది ప్రైమస్ మాట. "అక్కా, నీ కారు లైట్లు వెలుగుతూనే ఉన్నాయి" అని చెప్పాలన్నా ముందు టోపీ తీసి చెమట తుడుచుకునేవాడు. వచ్చినవాళ్ళకు ఎండకు తీశాడనిపించేది. "వేషం మనల్ని మింగెయ్యకుండా ఒక కన్నం ఉంచుకోవాలిరా" అనేది ఆర్నెటా.

ఆకురాలు కాలం వస్తే ఆ పొలానికి ఊపిరి సలపదు. కొట్టంలో పొగాకు గోధుమరంగు తిరుగుతుంది. వంటపాక దూలాలకు గుమ్మడి చక్రాలు, ఎండు చిక్కుళ్ళు దండలుగా వేలాడతాయి. నల్ల అక్రోటు పై తొక్కలు ఒలిచిన చేతులకు క్రిస్మస్ దాకా రంగు వదలదు. యాపిల్ గానుగ దగ్గర కందిరీగలు, పిల్లలు. ఇవన్నీ ఒక ఎత్తు, మొక్కజొన్న ఒలుపు ఒక ఎత్తు. విరిచి తెచ్చిన పొత్తులన్నీ కొట్టం ముందు బోర్లించిన పడవంత పొడుగున కుప్ప పోస్తారు. కుప్ప నడుమ కంచె కర్ర ఒకటి అడ్డంగా పడేసి రెండు పక్షాలు చేస్తారు. చెరో పక్కా కుప్ప మీద ఒక నాయకుడు కూర్చుని పాట ఎత్తుతాడు. కిందున్నవాళ్ళు పాట అందుకుంటూ, వేలికి తోలుపట్టీతో కట్టుకున్న చెక్క మేకుతో పై ఆకు చీల్చి, పొత్తు విరిచి విసురుతారు. ముందు ఒలిచేసిన పక్షం తమ నాయకుణ్ణి భుజాల మీదెక్కించుకుని పొలమంతా తిప్పుతుంది. మధ్యలో ఎవరికైనా ఎర్ర గింజల పొత్తు దొరికితే, ఇష్టమైనవాళ్ళ దగ్గర ఒక ముద్దు.

"ఎర్ర పొత్తు ఇంటి నుంచి తెచ్చుకున్నవాళ్ళకి లెక్క లేదు బాబూ!" అని లెమ్ కుప్ప మీంచి కేకేసేవాడు. "ఏమయ్యా నీలం చొక్కా, జేబు ఎందుకంత ఉబ్బిందీ?"

జనం విరగబడి నవ్వేవారు. పాత రోజుల్లో కోతలు ఎంత సందడిగా ఉండేవో అనుకుంటూ, యాపిల్ రసం సీసాలు పట్టుకుని కార్లెక్కేవారు. ప్రతి ఏడూ ఆ కార్ల దుమ్ము చూస్తూ ఆర్నెటా అనుకునేది, ఈ కుప్ప ఒలిచిన మనుషుల్ని అమ్మేవాళ్ళన్న మాట ఇక్కడ ఎవరం అనడం లేదు గదా అని.

అనడానికి ఆమె దగ్గర ఒకటి ఉంది. తండ్రి ఇచ్చిపోయింది.

అది ఒలుపు పాటే. పేర్ల పాట. నాయకుడు కుప్ప చుట్టూ ఉన్న ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాడు. "సైలస్ ఎక్కడున్నాడు?" అంటే సైలస్ "ఇదిగో ఇక్కడ!" అంటాడు. వెంటనే అందరూ "ఒలిచేయ్, విసిరేయ్!" అని అందుకుంటారు. డైనా, కేటో, హానా, ఇలా వంతు తిరిగి వస్తుంది. ఒక ఏడు థాక్స్‌టన్ పొలంలో, ఒలుపు రోజు పొద్దున్నే జెరూషా అనే పిల్లను అమ్మేశారు. బండి వచ్చింది, ఎక్కించారు, పోయింది. కుప్ప మాత్రం కుప్పలాగే ఉంది. ఆ సాయంత్రం పాట ఎత్తింది ఆమె అన్న. వంతు జెరూషా దాకా వచ్చింది. అన్న ఆపలేదు. "జెరూషా ఎక్కడుంది?" అని పిలిచాడు. ఎవరూ పలకలేదు. ఎవరూ అందుకోలేదు. ఒక పొత్తు ఒలిచేంతసేపు ఆకు చీలే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత అన్న మరో పేరు పిలిచాడు. మరుసటి ఏడూ పిలిచాడు. బతికున్నన్నాళ్ళూ పిలిచాడట. దొర విన్నా ఏమీ అనలేకపోయాడు. పేరు పిలవడం తప్పెలా అవుతుంది?

డీకన్ ఆస్బరీ శనగకాయలు ఒలుస్తూ ఆ పాట పాడినప్పుడు, జెరూషా పేరు దగ్గర నోరు మూసుకుని ఒక కాయ ఒలిచేవాడు. చిన్నప్పుడు ఆర్నెటా ఒకసారి ఉండబట్టలేక "ఇదిగో ఇక్కడ!" అంది. తండ్రి కొట్టలేదు, తిట్టలేదు. "నువ్వు కాదమ్మా" అన్నాడు, అంతే. ఇంకో కాయ ఒలిచాడు. ఆ వసారా దాటి ఆ పాట ఎన్నడూ బయటికి రాలేదు.

ఈ ఏడు వేసవిలో లెమ్ వచ్చి ఆ వసారాలోనే కూర్చున్నాడు. బేస్‌బాల్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"అక్కా, డీకన్ గారి పేర్ల పాట కుప్ప మీద పాడదాం. ఎన్నాళ్ళని ముద్దులూ నవ్వులే?"

ఆర్నెటా మనసులో ఉన్నదే అతని నోట వచ్చింది. అందుకే భయం వేసింది.

"పాడితే ఆయన పాడినట్టే పాడాలి" అంది. "ఆ ఖాళీ ఉంచాలి. చప్పట్లు కొట్టించకూడదు. ఎవరి చేతా పలికించకూడదు."

"నాకు చెప్తావా? నేనూ ఆ కాయలు ఒలిచినవాణ్ణే."

"ఒలిచింది తక్కువ, మెక్కింది ఎక్కువ."

"అయితే పాట కూడా కడుపులోనే ఉంది, ఎక్కడికి పోతుంది!" అని నవ్వాడు లెమ్. ఆర్నెటా కూడా నవ్వింది. అలా పాట ఇచ్చేసింది.

సెప్టెంబరు చివర ఒక శనివారం చిన్న కుప్ప పోసి పాడి చూశారు. లెమ్ గొంతు లేచింది. పేర్లు తిరిగాయి. "జెరూషా ఎక్కడుంది?" దగ్గర ఆగింది. ఆకు చీలే చప్పుడు. ఆర్నెటాకు తండ్రి పక్కనే ఉన్నట్టనిపించింది. అంతలో జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. "పాపం, మరిచిపోయినట్టున్నాడు" అంది ఒక పెద్దావిడ జాలిగా. ఆమె పక్కాయన లెమ్‌కి సాయం చేద్దామని కాబోలు చప్పట్లు కొట్టాడు. లెమ్ గబగబా తర్వాతి పేరు అందుకున్నాడు. గేటు మూశాక టోపీ తీసి, దాని అంచు తిప్పుతూ కూర్చున్నాడు.

"నా జన్మలో పాట మధ్యలో నన్ను చూసి ఎవరూ జాలిపడలేదక్కా."

"వాళ్ళకి అలవాటు లేదు. రెండోసారికి తెలుస్తుంది."

"ఊఁ" అన్నాడు లెమ్.

అక్టోబరు మొదట్లో ఆర్నెటా కంటి శుక్లానికి ఆపరేషన్ చేయించుకుని కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉంది. తిరిగి వచ్చిన పొద్దున, ఇంకా గేటు తీయలేదు, వంటపాకలోకి అడుగుపెడుతుంటే లోపల ఎవరో పాడుతున్నారు. దొరసాని వేషం కట్టే ట్రూడీ, తెల్లగా బొద్దుగా ఉండే మంచి మనిషి, గుమ్మడికాయ చక్రాలుగా తరిగి తాడుకు గుచ్చుతోంది.

"జెరూషా ఎక్కడుందీ..." అని సాగదీసి, చాకుతో బల్ల మీద రెండు దెబ్బలు వేసి, తనే హుషారుగా పలికింది. "ఇదిగో ఇక్కడ! వచ్చేశా, వచ్చేశా!"

ఆర్నెటా గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"అయ్యో మిస్ ఆర్నెటా, కన్ను ఎలా ఉంది? కూర్చోండి, కూర్చోండి. ఈ పాట నా నోటికి అంటుకుని వదలడం లేదండీ బాబూ. ఇంట్లో మా ఆయన కూడా 'వచ్చేశా' అంటున్నాడు."

"ఎవరు నేర్పారు?"

"లెమ్. అందరికీ నేర్పాడుగా. మీరు ఆస్పత్రికి వెళ్ళిన వారమే. జనం చేత పలికిస్తే బాగుంటుందని ట్రస్టు డైరెక్టరు గారు కూడా మురిసిపోయారు. మీకు చెప్పలేదా?" ట్రూడీ ముఖంలో నవ్వు కొద్దికొద్దిగా వాడింది. "మీకు తెలుసనుకున్నానే..."

ఆర్నెటా తలగుడ్డ కట్టుకుంది. ముడి గట్టిగా బిగించింది. గేటు తెరిచిన గంట వినిపిస్తున్నా ఆగకుండా పొగాకు కొట్టం వైపు నడిచింది.

లెమ్ కొట్టంలో పైన, రెండు వాసాల మీద చెరో కాలూ వేసి నిలబడి ఆరిన పొగాకు దించుతున్నాడు. అప్పటికే తొలి సందర్శకులు లోపలికి వచ్చి మెడలెత్తి చూస్తున్నారు. అంటే అతను ప్రైమస్, ఆమె ఫీబీ. ఆర్నెటా ఒక్క క్షణం తటపటాయించింది. కానీ గొంతులో ఉన్నది ఆగేట్టు లేదు.

"ప్రైమస్! దిగు కిందకి."

"ఏంటి ఫీబక్కా? దొర పిలుస్తున్నాడా?"

"దొర పిలిస్తే ఇంత తొందరగా రాను."

జనం నవ్వారు. లెమ్ కిందికి దిగాడు. ఆమె ముఖం చూశాక అతని నవ్వు సన్నబడింది.

"మా నాయన నీ చేతిలో ఒకటి పెట్టాడు. దాన్ని నువ్వు ఊరందరికీ పంచిపెట్టావంట."

"పంచితే తరిగిపోయేదా అది? రొట్టెముక్కా?"

"తరిగిపోయేదే. నువ్వు పంచితే తరిగిపోయేదే."

"అట్టా అనకక్కా. ఒక మనిషిని పిలిస్తే ఎవరో ఒకరు పలకాలా వద్దా? దేవుడి గుళ్ళో అయినా నేనొకటి ఎత్తితే మీరొకటి అంటారు. పలికేవాళ్ళు లేకపోతే పాడేవాడు పిచ్చోడిలా ఉంటాడు."

"పిచ్చోడిలా ఉండు! ఏం పోయింది? ఆ పిల్ల అన్న ఉండలేదా ఏటేటా పిచ్చోడిలా?" ఆర్నెటా ఇంకో అడుగు ముందుకేసింది. "పలకాల్సింది ఆమె. ఆ చోటు ఆమెది. అందులో ఎవరినీ కూర్చోబెట్టకు."

లెమ్ తల దించుకున్నాడు. గడ్డి టోపీ అంచు నీడలో కళ్ళు కనిపించలేదు. తర్వాత తలెత్తి, కుడి చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు.

"సరే అక్కా. ఆ చోటు అట్టాగే ఉంచుతా. ఒక్కణ్ణీ నోరు మెదపనివ్వను. మీ నాయన మీద ఒట్టు."

ఆమె అతని ముఖంలోకి చూసింది. కొత్త కంటికి అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. పెదవి పక్కన చిన్నప్పటి గాటుతో సహా. అది ఆ వసారాలో కాయలు ఒలిచిన పిల్లాడి ముఖమే. ఆమె గుండె కుదుటపడింది.

చుట్టూ చప్పట్లు మోగాయి. చేతికర్రతో ఉన్న ముసలాయన ఒకరు ముందుకు వచ్చి, "ఎంత సహజంగా చేశారమ్మా! నిజంగా పోట్లాడుకుంటున్నారే అనుకున్నా" అన్నాడు. ఆర్నెటా ఫీబీలా మోకాళ్ళు వంచి దణ్ణం పెట్టింది.

ఒలుపు పండుగ రోజు ఆకాశం కడిగినట్టు ఉంది. కార్లు రోడ్డు దాకా ఆగిపోయాయి. కుప్ప మునుపెన్నడూ లేనంత ఎత్తు పోశారు. కర్రకు ఆ పక్క కుప్ప మీద లెమ్, ఈ పక్క ఆర్నెటా. అప్పట్లో ఆడవాళ్ళు నాయకత్వం చేసేవాళ్ళా అని డైరెక్టరు మొదట్లో సందేహించింది గానీ, ఆర్నెటా గొంతు విన్నాక ఒప్పుకుంది.

"ఏమయ్యా ప్రైమస్, నీవాళ్ళు ఒలుస్తున్నారా, పొత్తులకి జడలు వేస్తున్నారా?"

"నీవాళ్ళు మాత్రం ఏం తక్కువా ఫీబక్కా! ఆ ఎర్ర స్వెటర్ పిల్లోడు ఒలిచిన దానికన్నా ఒళ్ళో దాచిందే ఎక్కువ!"

ఆకులు ఎగురుతున్నాయి, పొత్తులు ధన్ ధన్‌మని గోడకు తగిలి పడుతున్నాయి. ఆర్నెటాకు సంతోషం వేసింది. చాలా ఏళ్ళ తర్వాత ఆమె ఒంట్లో పాట తనంతట తాను పాడుకుంటున్నట్టుంది. లెమ్ పేర్ల పాట ఎత్తాడు. జనం పేర్లు కనుక్కుని మరీ పిలుస్తున్నాడు. పిలిచినవాళ్ళు సిగ్గుపడుతూ "ఇదిగో ఇక్కడ!" అంటున్నారు. "ఒలిచేయ్, విసిరేయ్!" అని అందరూ అందుకుంటున్నారు. ఆర్నెటా ఒక పొత్తు చేతిలోకి తీసుకుంది. ఆ ఖాళీలో ఒలుద్దామని.

"జెరూషా ఎక్కడుందీ?"

లెమ్ గొంతు ఇనుప తలుపులా తెరుచుకుంది. ఆమె పొత్తు ఆకు కొస పట్టుకుంది.

లెమ్ ఒక చెయ్యి చెవి వెనక పెట్టుకుని జనం వైపు వంగాడు.

"ఇదిగో ఇక్కడ! వచ్చేశా, వచ్చేశా!"

కొట్టం గోడలు అదిరాయి. తండ్రుల భుజాల మీద ఉన్న పిల్లలు అరుస్తున్నారు, ట్రూడీ అరుస్తోంది, డైరెక్టరు చప్పట్లు కొడుతోంది. అందరికీ ముందే తెలుసు. గేటు దగ్గరే నేర్పి పంపారు. లెమ్ మళ్ళీ పిలిచాడు. ఇంకా గట్టిగా పలికారు. మూడోసారి పిలిచేటప్పటికి అతని ముఖం వెలిగిపోతోంది. ఆర్నెటా వైపు మాత్రం చూడలేదు.

ఆమె ఒలవని పొత్తును పక్కన పెట్టింది. నోరు మూసుకుంది. ఆమె పక్షం వాళ్ళు కాసేపు తలెత్తి చూశారు, ఏ పాటా రాలేదు. చేతులు మందగించాయి. లెమ్ పక్షం కుప్ప కరిగి నేల కనిపించింది. హోరుమని అరుస్తూ అతన్ని భుజాల మీదికి ఎత్తుకుని పొలమంతా తిప్పారు. గడ్డి టోపీ నెత్తిన అలాగే ఉంది. ఎర్ర స్వెటర్ వాడు మాత్రం ఆర్నెటా దగ్గరికి వచ్చి, "మీకు ఒంట్లో బాలేదా అండీ?" అని అడిగాడు.

"లేదు నాయనా, బాగానే ఉంది" అంది.

లెమ్ యాపిల్ గానుగ వెనక నీళ్ళు తాగుతుంటే వెళ్ళింది. అటూ ఇటూ జనం తిరుగుతూనే ఉన్నారు. ఆర్నెటా తలగుడ్డ విప్పేసింది. ఇన్నేళ్ళలో గేటు మూయకముందు విప్పడం అదే మొదలు. నెరిసి పొట్టిగా ఉన్న జుట్టు ఎండలో బయటపడింది. అటుగా వెళ్తున్న ఒకావిడ గతుక్కుమని చూసింది.

"టోపీ తియ్యి."

లెమ్ తీశాడు.

"ఒట్టు వేశావు. మా నాన్న మీద."

"ప్రైమస్ వేశాడక్కా." లెమ్ నెమ్మదిగా, పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. "జనం ఉన్నారు. నువ్వు వచ్చి ఆటలో గొడవ పెట్టావు, నేను ఆటలోనే సర్దేశా. నా నెత్తిన టోపీ ఉంది. మన పద్ధతి నువ్వు పెట్టిందేగా. నీకు తెలుసులే అనుకున్నా."

"నేను నీ మొహం చూశాను లెమ్. నీ టోపీ చూడలేదు."

లెమ్ ఒక్కసారిగా మీదికి వచ్చినట్టు అన్నాడు. "నువ్వొకటి ఆలోచించు. ఇన్నాళ్ళూ ఆ పేరు ఎవరికి తెలుసు? నీకూ నాకూ, చచ్చిపోయినవాళ్ళకీ. ఇవాళ ఆ పేరు అంతమంది నోళ్ళలో ఉంది. ఒక పాప నా దగ్గరికొచ్చి జెరూషా ఎవరని అడిగింది. నీ ఖాళీ ఉంచుంటే ఏమనేవాళ్ళు? మరిచిపోయాడనేవాళ్ళు."

"పాపకి ఏం చెప్పావు?"

లెమ్ నీళ్ళ లోటా వైపు చూశాడు. "ఇక్కడ పనిచేసిన పిల్ల అని చెప్పా. పండగ పూట ఇంకేం చెప్తాం?"

ఆర్నెటా తల ఊపింది. తలగుడ్డ చేతిలో చుట్టి చుట్టి చిన్న ఉండ చేసింది. "అదేరా. ఆమె 'ఇదిగో ఇక్కడ' అందంటే ఇక ఎవరూ అమ్మలేదన్నట్టే. బండీ రాలేదు. అందరూ హాయిగా కార్లెక్కారు. దొర ఆమెని అమ్మేశాడు. నువ్వు అసలు అమ్మనే లేదనిపించావు. ఏది పెద్ద తప్పో నాకు తెలీడం లేదు."

"అక్కా, డీకన్ గారు నన్ను..."

"ఆయన పేరు ఎత్తకు."

అంతలో డైరెక్టరు రెండు చేతులూ చాపుకుంటూ వచ్చింది. "మీరిద్దరూ అద్భుతం! మిస్ ఆర్నెటా, మీ కుటుంబం మాకు ఇచ్చిన కానుక ఇది. వచ్చే ఏడు గేటు దగ్గర నుంచే పాడించుకుంటూ తీసుకొద్దాం" అంటూ ఆర్నెటాను కౌగిలించుకుంది. ఆ భుజం మీంచి ఆర్నెటా లెమ్‌ని చూసింది. 'వద్దు' అని అతను అంటాడేమోనని చూసింది. లెమ్ టోపీ పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే ఆమె ఫీబీ బట్టలు ఉతికి, మడతపెట్టి, పొలం ఆఫీసులో ఇచ్చేసింది. ఎందుకని వాళ్ళు అడిగితే కళ్ళు బాగా లేవని చెప్పింది. చర్చికి వెళ్ళడం మానలేదు. లెమ్ కీర్తన ఎత్తితే అందరితో పాటు అందుకుంది. అది దేవుడి పాట, లెమ్‌ది కాదు. అతను ఒక ఆదివారం చిలగడదుంపల సంచి తెచ్చి ఆమె కారు పక్కన నిలబడ్డాడు. తీసుకుంది. "థాంక్యూ బ్రదర్ క్లేబోర్న్" అంది. 'లెమ్' అని పిలవలేదు. అతను కాసేపు అక్కడే నిలబడి, తన కారు వైపు నడిచాడు.

నవంబరులో ఒక పొద్దున, మేనకోడలు పంపిన శనగకాయలు ముందేసుకుని ఆర్నెటా వసారాలో కూర్చుంది. చలిగా ఉన్నా ఎండ మోకాళ్ళ మీద పడుతోంది. ఇక ఆ పాట ఉండాల్సింది ఇక్కడే, బయటికి పోయింది పోనీ అనుకుంది. నెమ్మదిగా ఎత్తుకుంది. సైలస్ పలికాడు, డైనా పలికింది. కేటో, హానా. ఆ పేర్లకు తండ్రి లాగే తనే పలికి, తనే అందుకుంది.

"జెరూషా ఎక్కడుంది?"

నోరు మూసుకుని ఒక కాయ చేతిలోకి తీసుకుంది. ఒలవబోయేలోపు చెవుల్లో హోరెత్తింది. వచ్చేశా, వచ్చేశా. పిల్లల గొంతులు, ట్రూడీ గొంతు, చాకు రెండు దెబ్బలు. ఆమె తల విదిలించి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఈసారి మెల్లగా, తండ్రి గొంతు గుర్తు చేసుకుంటూ. పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. జెరూషా వంతు వచ్చింది. తండ్రి కాయ ఒలిచే చప్పుడు కోసం ఆమె చెవి ఒగ్గింది.

ఆగకుండా, అడగకుండా, హుషారుగా వాళ్ళే పలికారు.

ఆర్నెటా చేతిలోని కాయను అలాగే గంపలో వేసేసింది. లోపలికి వెళ్ళి రేడియో పెట్టుకుని, వార్తలు వింటూ మిగతా కాయలు ఒలుచుకుంది.